మా బావ కంచంలోని ఊరు

మా బావ మొన్న ఆదివారం పొద్దున్న, నేను చేపల పులుసు పోసిన మొహింగా సేమ్యా గిన్నె తెచ్చి మంచం పక్కన పెట్టేలోపే కన్నుమూశాడు. బావ అంటే మా మేనత్త కొడుకు, నా పెనిమిటి. సేక్కాన్ రేవులో లాంచీ ఇంజన్లు బాగుచేసిన మనిషి కాబట్టి ఈ రంగూన్ లమ్మడా పేటలో చాలామంది ఎరుగుదురు. ఎరిగినవాళ్ళందరికీ ఇంకో సంగతి కూడా తెలుసు. ఆయన దగ్గర కాసేపు కూర్చుంటే చాలు, చెక్ దేశంలోని ఒక చిన్న ఊరికి తీసుకుపోయి అక్కడ వదిలేసేవాడు.

ఆ ఊరి పేరు రాయను. సవతి పేరు నా చేత్తో రాసిపెట్టేటంత మంచిదాన్ని కాను.

పెళ్ళయిన కొత్తలో సర్కారువారు ఆయన్ని ఇంజన్ల పని నేర్చుకు రమ్మని ఆ ఊరికి పంపారు. మన లాంచీలకు వచ్చే ఇంజన్లు అక్కడి కార్ఖానాలో తయారయ్యేవి. నేను ఇక్కడ మూడో అంతస్తు గదిలో మా అత్త పక్కన పడుకుని, రేవులో ఓడ కూత వినబడినప్పుడల్లా లేచి కూర్చునేదాన్ని. ఆయన విమానంలో వస్తాడని తెలిసినా సరే. చివరికి వచ్చాడు. నాకోసం ఉన్ని శాలువా తెచ్చాడు. రంగూన్ ఉక్కలో ఉన్ని శాలువా! మనిషి వచ్చాడు గానీ మనసు ఇంకా అక్కడి చలిలోనే ఉందని ఆ రోజే నాకు అర్థమైంది.

అప్పటి నుంచి అన్నాల దగ్గర రోజూ ఇదే తంతు. చేపల పులుసులో వేలు ముంచి కంచంలో ఒక వంపు గీసేవాడు. అది ఏరు.

"ఒలే, ముందు ఏరు సూడాల. ఏరు ఎటు తిరిగితే ఊరు అటు కూకుంటాది," అనేవాడు.

ఏరు ఆ ఊరిని మూడు వైపులా చుట్టి పోతుంది. నాలుగో వైపు ఊరిగోడకున్న పాత కోటగుమ్మం. ఏటికి అవతల రాతిగుట్ట మీద కోట, దానికి పిండేసిన నిమ్మచెక్క బోర్లించేవాడు. అన్నం ముద్దలే ఇళ్ళు, నడిబజారు చుట్టూ వరసగా నిలబడేవి. వాటి కింద వసారాలన్నీ కలిసి ఉంటాయట, ఎంత వానలోనైనా తల తడవకుండా బజారంతా తిరిగి రావచ్చట. చినుకు పడితే మోకాలి లోతు నీళ్ళలో నడిచే నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండిపోయేది. మధ్యలో ఎండుమిరపకాయ నిలబెడితే అది రాతి స్తంభం. ఎప్పుడో మహమ్మారి వచ్చి ఊళ్ళో ఎందరో పోతే, మిగిలినవాళ్ళు బతికి బయటపడ్డందుకు కట్టుకున్నారట. పైన మరియమ్మ తల్లి.

అన్నీ అయ్యాక ఒక్క మెతుకు తీసి ఏటి మీద వంతెన ఉండే చోట పెట్టేవాడు. "ఇదిగో, ఇది నేను."

నేను ఆ మెతుకు తీసి నోట్లో వేసుకునేదాన్ని.

"అదేటే, నన్ను మింగీసినావు?"

"ఇంటికాడ లేనోడివి, మరేటి సెయ్యమంటావు?"

మా అత్తకు కూడా అనుమానం వచ్చింది. ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "అక్కడ ఎవుర్తయినా ఉందేటే?" అని అడిగింది.

"ఉంటే బాగుణ్ణు అత్తా, జుట్టు పట్టుకుందును. ఊరికి జుట్టేది?" అన్నాను. ఆవిడ నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

ఆ ఊరిలో ఒక వీధి దగ్గరికి వచ్చేసరికి బావ వేలు కంచంలో ఆగిపోయేది. పెద్ద యుద్ధం అయ్యాక అక్కడ జర్మను మాట్లాడే కుటుంబాలను మూటాముల్లెతో పంపేశారట. వాళ్ళు విడిచిపోయిన ఇంట్లోనే ఆయన అద్దెకున్నాడు. గుమ్మం పక్కన పిల్లల ఎత్తు కొలిచిన గీతలు అలాగే ఉండేవట. అది చెప్పి చెయ్యి కడిగేసుకునేవాడు. నేను కంచం విసురుగా ఎత్తేసేదాన్ని. అదే యుద్ధంలో మా తాతల్లో సగంమంది జపాను బాంబులకు జడిసి ఈ రంగూన్ వదిలి ఇండియాకు కాలినడకన పోయారు. దారిలో పోయినవాళ్ళు పోయారు. వాళ్ళ గురించి ఆయన ఎన్నడూ నోరెత్తలేదు. మనవాళ్ళ ఏడుపు ఆ ఊరి పేరు చెప్పి ఏడ్చేవాడేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు అనిపించలేదు.

ఆఖరి నెలల్లో మతిమరుపు ముదిరింది. టీకొట్టుకు దిగి, తిరిగి మా మెట్లు ఏవో తెలియక వీధిలో నిలబడిపోయేవాడు. చెయ్యి పట్టుకుని పైకి తెచ్చేదాన్ని. కూర్చోగానే కంచం అడిగి ఏరు గీసేవాడు. ఒక్క వంపు తప్పేది కాదు. నా ఇంటి మెట్లు మరిచిన మనిషికి ఆ కోటగుమ్మం గుర్తుండడం నేను ఇంకా క్షమించలేదు.

చర్చిలో సమాధి ఆరాధన నాడు మా అబ్బాయి లేచి నాన్న గురించి నాలుగు మాటలు చెప్పాడు.

"మా నాన్న ఆ ఊరి గురించి సెప్పీవోడు. ఊరి మద్దిన పేద్ద కోట ఉంటాదని..."

నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు. "కోట మద్దిన కాదురా! మద్దినున్నది స్తంబం. కోట ఏటికి అవతల, గుట్ట మీద."

చర్చంతా నా వైపు తిరిగింది. పాస్టరు గారు మెల్లగా, "అమ్మా, మీరు ఆ ఊరు ఎల్లొచ్చినారా?" అన్నారు.

"లేదండి. అదే నా ఇంట్లో ఉండీది."

ఇక ఆగలేదు. ఏరు దగ్గర మొదలుపెట్టి గుమ్మం, వసారాలు, మరియమ్మ తల్లి, ఆ గీతలున్న ఇల్లు, అన్నీ చెప్పాను. ఇన్నేళ్ళూ చేప ముళ్ళు ఏరుకుంటున్నట్టు తల దించుకుని ఒక్క మాట పోనివ్వకుండా విన్నానని అందరికీ తెలిసిపోయింది. పడవెక్కి నది అవతలి డలా దాకా పోవడమే పెద్ద ప్రయాణమైన నాకు ఆయన ఒక ఊరంతా ఇచ్చిపోయాడు. అడిగానా నేను?

అందరూ వెళ్ళాక, పక్కింటివాళ్ళు పంపిన పులుసుతో అన్నానికి కూర్చున్నాను. వేలు ముంచి ఏరు గీశాను. నిమ్మచెక్క బోర్లించాను, మిరపకాయ నిలబెట్టాను. వంతెన మీద మెతుకు పెట్టాను. ఇప్పటికైనా ఆయన్ని అక్కడ ఉండనిద్దామనుకున్నాను. ఆ మాత్రం మంచితనం రాదా అని చాలాసేపు చూశాను.

రాలేదు. మెతుకు తీసి నోట్లో వేసుకున్నాను. కంచంలో ఏరు ఆరిపోతోంది. వంతెన మీద ఎవరూ లేరు.