నాలోని ఇరుగుపొరుగు

చిత్తూరు నుంచి తిరుపతి వెళ్ళే బస్సులో నాకు మొదటిసారి ఒళ్ళంతా ఆవిరి ఎత్తింది. చలికాలం ఉదయం. అందరూ అద్దాలు మూసుకుని, తలకు మఫ్లర్లు చుట్టుకుని కూర్చున్నారు. నాకేమో ఛాతీలోంచి మంట లేచి ముఖం దాకా పాకింది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అద్దం తీస్తే వెనక సీటాయన గొణిగాడు.

నా భార్య కొంగుతో నా నుదురు తుడుస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది.

"నాకు ముట్లుడిగినప్పుడు అచ్చం ఇట్లే ఉండె. ఇప్పుడు తెలిసిందా, ఎట్లుంటాదో?"

అది సూది మందు పని. నేను జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నడుం నొప్పని వెళ్తే ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ బయటపడింది. అప్పటికే అది ఎముకల్లోకి పాకింది, కోసి తీసేసే దశ దాటిపోయింది. ఆ క్యాన్సర్‌కు మేత మగ హార్మోన్. ఒంట్లో అది తయారు కాకుండా ఆపడానికి పొత్తికడుపులో సూది వేస్తారు. మేత అందక కణాలు మాడిపోతాయి. నా విషయంలో అలాగే జరిగింది. ఈ క్యాన్సర్ ఎంతుందో రక్తపరీక్షలో చూపే పీఎస్ఏ అంకె బాగా పడిపోయింది. నడుం నొప్పి పోయి, సంచి పట్టుకుని మార్కెట్‌కు నేనే నడిచి వెళ్ళసాగాను. గండం గడిచిందనుకున్నాను.

తర్వాతి ఏడాది పీఎస్ఏ మళ్ళీ లేచింది. తిరుపతి ఆసుపత్రిలో నాకు వైద్యం చేసే డాక్టరమ్మ సొంతూరు పలమనేరు వైపు. కాగితం చూసి చెప్పింది.

"పెరగతా ఉండాది సార్."

"మేత ఆపేసినాం కదమ్మా! మరి ఏం తిని బతకతా ఉండాది?"

"అదే అర్థం చేసుకోవాల. మీ రక్తంలో హార్మోన్ ఇప్పటికీ దాదాపు లేదు. గ్రంథిలో నుంచి మళ్ళీ ఒక ముక్క తీసి చూద్దాం."

ఫలితం వచ్చిన రోజు నేనొక కోరిక అడిగాను. అన్నేళ్ళు పిల్లలకు మైక్రోస్కోపులో కప్ప కణాలు, ఉల్లిపొర కణాలు చూపించాను, నా ముక్కను నన్నొకసారి చూడనివ్వమని. ఆమె వింతగా చూసి, నన్నూ నా భార్యనూ ల్యాబుకు తీసుకెళ్ళింది.

కన్ను ఆనించాను. ఊదారంగు చుక్కలు గుంపులు గుంపులుగా, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నన్ను చంపాలని చూస్తున్నవి ఇవేనా అని వాటినే తదేకంగా చూస్తున్నాను.

"మీరు క్యాన్సర్‌నే చూస్తా ఉండారు సార్. దాని పక్కన చూడండి" అంది డాక్టరమ్మ, మైక్రోస్కోపు కింది గాజుపలకను కొంచెం జరుపుతూ.

పక్కనంతా గులాబీరంగు నారలు. వాటి మధ్య సన్నగా, సాగదీసినట్టున్న కణాలు. అక్కడక్కడ రక్తనాళాలు. గుండ్రటి చిన్న చుక్కలు.

"ఆ సన్నటివి క్యాన్సర్ కాదు. మీ సొంత కణాలే. గాయం మానేటప్పుడు నారలు అల్లేవి. క్యాన్సర్ పక్కన చేరినాక దాని మాట వింటాయి. పెరగమని దానికి కబురు పంపతాయి. కిడ్నీల పైనుండే గ్రంథుల నుంచి ముడిసరుకు వస్తా ఉంటాది కదా, దాంతో మగ హార్మోన్‌ను ఈడనే తయారు చేసుకునేదానికి సాయపడతాయి. రక్తంలో లేకపోయినా ఈడ దొరకతా ఉంటాది. ఈ గుండ్రటివి కాపలా కణాలు. వాటిలో కూడా కొన్ని కాపలా మానేసి దానికే పనిచేస్తాయి."

"అదంతా దీంట్లో కనపడతాదా అమ్మా?"

"లేదు సార్. ఇది ఆగిపోయిన బొమ్మ. వాటి మాటలు ఈడ వినపడవు. ఈ కణాల్ని పక్కపక్కన పెంచి చూసినోళ్ళు కనిపెట్టినారు. మీలో ఏది ఎంత జరగతా ఉండాదో నేను కచ్చితంగా చెప్పలేను."

నల్లబల్ల మీద సుద్దముక్కతో గుండ్రంగా గీసి, మధ్యలో కేంద్రకం పెట్టి, ఇదీ కణం అని ఏళ్ళ తరబడి చెప్పాను. దాని పక్కన ఎవరున్నారని ఒక్కరోజూ నాకు తోచలేదు. చిన్నప్పుడు సైకిలు మీంచి పడితే నా మోకాలి గాయాన్ని పూడ్చినవి ఈ జాతి కణాలే. వాటికి నా మీద పగ లేదు. పిలిస్తే వెళ్ళాయి, తెలిసిన పని చేస్తున్నాయి. నాకు ఎవరి మీదో కోపం తెచ్చుకోవాలని ఉండింది. ఎంత వెతికినా ఆ పలకలో శత్రువు ఒక్కడిగా దొరకలేదు. భయం పోలేదు కానీ, దాని కంటే పెద్ద అబ్బురమేదో దాని పక్కన వచ్చి నిలబడింది.

నా భార్య కూడా కన్ను పెట్టి చూసింది. "అబ్బ, ఎంత బాగుండాదో! పట్టుచీర మాదిరి" అని, వెంటనే నాలుక కరుచుకుంది. "అట్ల అనకూడదేమో."

"నాకూ అట్లే అనిపిస్తాదమ్మా" అంది డాక్టరమ్మ.

"అయితే ఆ పక్కనుండేటివాటిని కూడా చంపాల్నా?" అని అడిగింది నా భార్య.

"అన్నిటినీ చంపితే గాయాలు మాన్పేదెవరమ్మా? వాటిని దారికి తెచ్చే మందుల కోసం ఇంకా వెతకతా ఉండారు. ఇప్పటికి, ఈడ తయారయ్యే హార్మోన్‌ను కూడా ఆపేదానికి మాత్రలు ఉండాయి. సూది మానకుండా అవీ మింగాల."

ఆ మాత్రలు పరగడుపున వేసుకోవాలి. తర్వాత గంటసేపు ఏమీ తినకూడదు. ఆ గంటా వంటింట్లోంచి దోసె వాసన వస్తుంటే వరండాలో పేపరు తిరగేస్తూ కూర్చోవడం అలవాటైంది. కొన్ని నెలలకు పీఎస్ఏ దిగడం మొదలైంది. ఆ మాట వినగానే నా భార్య డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఇంక పెరగదు కదమ్మా?" అని అడిగాను.

"పెరగదని చెప్పను సార్. ఇప్పుడైతే మందు పనిచేస్తా ఉండాది."

ఆమె అబద్ధం చెప్పనందుకు నాకు ఊరటగా అనిపించింది. ఆసుపత్రి నుంచి వస్తూ బస్టాండు దగ్గర మెస్సులో పొంగలి చెప్పాం. తినబోతూ నా చేతి వంక చూసుకున్నాను. ఆ చర్మం కింద ఏవి ఎవరి పక్కన చేరి ఏం చెప్పుకుంటున్నాయో, నన్ను అడక్కుండానే నన్నెలా నడిపిస్తున్నాయో అనుకుంటూ అలాగే ఉండిపోయాను.

"సల్లారిపోతా ఉండాది, తినండి" అంది నా భార్య.