రింగులో పాతిన గుంజ

కమ్మర్‌పల్లి సుమన విసిరేది తీగకు కట్టిన ఇనుప గుండు. దాన్ని పట్టుకొని గిర్రున తిరిగి వదలాలి. హామర్ త్రో అంటారు. ఏళ్ల తరబడి నిజామాబాద్ మైదానంలో ఓ మూల ఆమెకు అదే పని. తిరగడానికి సిమెంటు రింగు కావాలని ఎంత మొత్తుకున్నా పలికినవాడు లేడు. చివరికి తండ్రి ముత్తన్న ఇసుక, సిమెంటు ఆటోలో తెచ్చి తన చేతులతోనే పోశాడు.

గుండు పడ్డచోటల్లా గుంతలవుతున్నాయని గింజుకున్నవాడు మాత్రం ఉన్నాడు. మైదానం కమిటీ అధ్యక్షుడు రాజశేఖర్. పొట్ట కరిగించుకోవడానికని పొద్దున్నే వచ్చి, బెంచీ మీద కూర్చొని మిర్చి బజ్జీలు తిని పోయే పెద్దమనిషి. ఆడపిల్లకు ఈ బండపని ఎందుకని ఉచిత సలహా కూడా పారేసేవాడు.

సుమన విదేశంలో పతకం కొట్టింది. అంతే, రాత్రికి రాత్రే అతనికి ఆమె 'మన బిడ్డ' అయిపోయింది. బోధన్ నుంచి ఆర్మూర్ దాకా ఫ్లెక్సీలు లేచాయి. వాటిలో అతని ముఖం గుమ్మడికాయంత, ఆమెది గోటంత. నెల రోజుల్లో మరో అంతర్జాతీయ పోటీకి ఎంపిక ఉంది, ప్రాక్టీసు ఆపలేనని ఆమె చెప్పినా వినకుండా మైదానంలోనే సన్మానం పెట్టాడు.

వేదిక ఎక్కాక సుమనకు ఒకటి కనబడింది. షామియానా గుంజను సరిగ్గా ఆమె రింగు నడుమ పాతారు. గడ్డపారతో పగలగొట్టిన సిమెంటు పెళ్లలు పక్కనే కుప్పగా ఉన్నాయి. ఆమెకు ఒళ్లు మండిపోయింది. మైకులో రాజశేఖర్, ఈ ఆణిముత్యాన్ని గుర్తించింది తానేనని సిగ్గు లేకుండా చెప్పుకుంటున్నాడు. శాలువా కప్పబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"శాలువా నాకొద్దు సార్. గా రింగు మల్ల పోయించుండ్రి."

చూద్దాంలేమ్మా అని అతను కెమెరా వైపు నవ్వాడు. ఆ చూద్దాం ఎంతవరకు వస్తుందో సుమనకు తెలుసు. వెంటనే వేదిక దిగి, సొంతూరు కమ్మర్‌పల్లి బస్సెక్కింది.

ఇంటి దగ్గర పసుపు ఆరబోసే సిమెంటు కల్లం ఉంది. సంగతి విన్న ముత్తన్న చీపురు అందుకున్నాడు. ఉడకబెట్టి ఆరబోసిన పంటనంతా ఒక పక్కకు నెట్టి, నడుమ ఊడ్చి, సుద్దతో రింగు గీశాడు.

"నువ్వు తిరుగు బిడ్డా. పసుపు ఆగుతది."

మూడోనాడు రాజశేఖర్ కారు వచ్చింది. శాలువా కప్పిన ఫోటో లేక పేపర్లో వార్త పడలేదట, ఇక్కడైనా కప్పి తీయించుకుంటాడట. సుమన కల్లంలో తిరుగుతూనే ఉంది. ఆమె తల్లి అనసూయమ్మ ఎదురుగా పసుపు తవ్వేసిన చేనును చూపించింది.

"గాడ నిలబడుండ్రి సార్. గుండు గాడనే పడ్తది. ఫోటో మంచిగొస్తది."

చేను నిండా గుండు చేసిన గుంతలను చూసి రాజశేఖర్ శాలువా చంకన పెట్టుకొని కారెక్కాడు.