నిటారు మావయ్య

కుటుంబం గ్రూపులో ఎవరు ఏ ఫోటో పెట్టినా ముందు చూసేది పెద్దమావయ్యే. చూడటమంటే మనుషుల్ని చూడటం కాదు, వంకర వెతకడం. రికార్డు గదిలో ముప్ఫై ఏళ్లు ఫైళ్లు తిరగేసిన గుమస్తా కనుక ఇప్పటికీ వేలు నాలుకకు అద్దుకుని గానీ ఫోన్ ముట్టుకోడు. అడ్డంగా పడుకున్న ఫోటోను లేపి నిలబెడతాడు. సెల్ఫీలో వెనకున్న దుకాణం బోర్డు మీద అక్షరాలు తిరగబడి ఉంటే, కుడిఎడమలు మార్చేసి, "సరిచేశాను. ఇకనైనా నేర్చుకోండి" అంటూ మళ్లీ గ్రూపులో పడేస్తాడు. చెల్లెలు పురిటి మంచం మీంచి పంపిన పసిగుడ్డు ఫోటోకు కూడా ఆయనగారి ఆశీర్వచనం అదే.

ఆ చెల్లెలి పెద్దకూతురికి తొమ్మిదేళ్లు. మూడు నెలలపాటు గోడకు గుద్దుకుని, మెడ పట్టేసి ఏడ్చి, మొన్నటికి ఏ ఆసరా లేకుండా తలమీద నిలబడింది. ఆ ఫోటో గ్రూపులో పడిన నిమిషంలో మావయ్య తిప్పేసి పంపాడు. అందులో పిల్ల నిక్షేపంగా నిలబడి ఉంది. పాదాల కింద సీలింగు ఫ్యాను, నెత్తిమీద గచ్చు, నిక్కబొడుచుకున్న రెండు జడలు. అవేవీ ఆయన కంటికి ఆనలేదు.

పిల్ల ఫోన్ చేసింది. "మావయ్యా, నేనేం చేశానో చూశావా?"

"చూడకేం తల్లీ! మీ అమ్మ తలకిందులుగా తీసింది. నేనున్నాను కాబట్టి సరిపోయింది."

ఆదివారం పిల్ల ఆయన ఇంటికే వచ్చి, హాలు మధ్యలో, ఆయన కుర్చీ ఎదురుగా తలమీద నిలబడింది. "ఇప్పుడు చూడు మావయ్యా!"

"ఓహో!" అంటూ మావయ్య ఫోటో తీశాడు. వేలు నాలుకకు అద్దుకున్నాడు. తిప్పాడు.