తొవ్వల పోయే పొద్దు

మనిషిని పనికి పంపమని ఎవరు అడిగినా, మా కంపెనీలో మనుషులను పనులకు పంచే అక్క ముందుగా ఆ వెళ్లాల్సిన మనిషికే కుర్చీ వేసేది. అడిగిన మేనేజర్లం మేం నిలబడే ఉండేవాళ్లం.

మా ఆఫీసు శంషాబాద్‌లో. నాది మహేశ్వరంలో కోల్డ్ స్టోరేజీ పని, ఇంకో మేనేజరుది తుక్కుగూడలో హోటలు. ప్యానెల్ బోర్డులు తెలిసిన ఎలక్ట్రీషియన్ మాత్రం ఒక్కడే. పొద్దున నాకు, మధ్యాహ్నం ఆయనకు అని మేమే బేరం కుదుర్చుకున్నాం. దుకాణదారుల ఇంట్లో పెరిగినవాణ్ణి కదా, గంట అదనంగా లాగడానికి రెండు గంటలు అడిగి, గెలిచానని మురిసేవాణ్ణి.

వారం తిరక్కుండానే ఎలక్ట్రీషియన్ పని మానేస్తానన్నాడు. అక్క మా ఇద్దరినీ పిలిపించి అతన్ని కూర్చోబెట్టింది.

"చెప్పు తమ్మీ, ఏంది పరేషాన్?"

"ఈడ బోర్డు విప్పంగనే ఆడ్నుంచి ఫోనొస్తది అక్కా. ఆడ విప్పంగనే ఈ సార్ చేస్తడు. ఏ పనీ పూర్తిగ ఒడుస్తలేదు."

"సగం రోజు నాదే కదా," అన్నాను.

"మీ ఇద్దరివి రెండు సగాలు. మరి ఈడికీ ఆడికీ తిరుగుకుంట తొవ్వల పోయే పొద్దు ఎవరిది, అన్నా?" అక్క ఎప్పట్లాగే గొంతు పెంచకుండానే అడిగింది. "ఒకరిది ఒడిసినంకనే ఇంకొకరిది. ముందు ఎవరిదో మీరే చెప్పుండ్రి."

బేరంలో ముందు నోరు తెరిచినవాడు ఓడినట్టేనని మా నాన్న నేర్పాడు. ఆ రోజు ముందు నోరు తెరిచింది నేనే.

"ముందు హోటల్ పనే కానివ్వు అక్కా."

ఎలక్ట్రీషియన్ నావైపు తిరిగాడు. "ఎల్లుండికల్ల హోటల్ పని ఒడగొట్టి మీ కాడికే వస్త సార్."