అమ్మ మెడ కింద ఊదారంగు గీత

మా చిన్నప్పుడు... జగ్గయ్యపేటలో పొద్దున్నే బెజవాడ బస్సు ఎక్కేవాళ్ళలో మా అమ్మా నాన్నా ఉండేవాళ్ళు. నాన్న నందిగామలో దిగిపోయేవాడు. అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు. అమ్మ ఒక్కతే కంచికచర్ల మీదుగా బెజవాడ దాకా వెళ్ళేది... కరెంటు పెట్టించుకోవడానికి.

క్యాన్సర్‌కి ఇచ్చే రేడియేషన్‌ని మా వైపు కరెంటు పెట్టడం అనేవాళ్ళు. మా ఇంట్లో ఆ మాట కూడా పైకి అనకూడదు.

అమ్మకి రొమ్ములో గడ్డ. శనగగింజంత ఉన్నప్పుడే చేతికి తగిలిందట... నొప్పి లేదు కదా అని ఊరుకుంది. నందిగామ లేడీ డాక్టరు చూసి బెజవాడ పంపేసరికి నిమ్మకాయంత అయింది. వేసవి సెలవుల్లో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. వీధిలో వాళ్ళకి మాత్రం, అమ్మ వాళ్ళ అక్కగారింటికి వెళ్ళిందని చెప్పాం.

ఇదంతా మా నాయనమ్మ శాసనం. "ఈ మాట గడప దాటిందా, రేపు పిల్లకి సంబంధాలు రావు. తల్లికుంటే కూతురికీ వచ్చిద్దంటారు. ఎవరికీ చెప్పమాకండి. ఇంటిగుట్టు లంకకు చేటు" అంది. పిల్లంటే నేనే... అప్పుడు ఎనిమిదో తరగతి.

కరెంటు రోజూ పెట్టించుకోవాలి. రోజూ బెజవాడ వెళ్ళడానికి ఒక సాకు కావాలి. అందుకని బెజవాడలో ఉండే మా పెద్దమ్మకి జబ్బు అంటగట్టాం. "అక్కకి ఒంట్లో బాగోలేదు, చూసొస్తున్నా" అనేది అమ్మ. పెద్దమ్మ గుండ్రాయిలా ఉండేది పాపం! వీధిలో వాళ్ళు జాలిపడి ఆవిడకని బత్తాయిలు ఇచ్చి పంపేవాళ్ళు. అమ్మ వాటిని ఆసుపత్రి వరండాలో కూర్చుని ఒలుచుకుని తినేది. ఇంటికొచ్చి చెబితే అందరం నవ్వుకునేవాళ్ళం. నవ్వగలిగాం అప్పటికి...

కరెంటు ఎక్కడ పెట్టాలో గుర్తుగా ఒంటి మీద ఊదారంగు సిరాతో గీతలు గీసేవారు. వైద్యం అయ్యేదాకా అవి చెరగకూడదు. అక్కడ నీళ్ళు పడకూడదు, సబ్బు తగలకూడదు. ఒక గీత మెడ కిందికి వచ్చేది. అది కనబడకుండా అమ్మ ఎంత ఉక్కపోతలోనైనా కొంగు నిండా కప్పుకుని తిరిగేది.

సరిగ్గా అప్పుడే నేను పెద్దమనిషినయ్యాను. ఫంక్షన్ చేయకపోతే ఎందుకు చేయలేదని అడుగుతారు. చేస్తే వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంటారు. చేయాల్సిందే అంది నాయనమ్మ. ముందురోజు ఆడవాళ్ళంతా చేరి నువ్వులూ బెల్లం వేసి చిమ్మిలి దంచుతున్నారు. అమ్మ ఉండలు చుడుతుంటే కొంగు జారింది. ఎదురింటి సుశీల పిన్ని చూసింది.

"అక్కా, మెడ కింద ఆ గీత ఏంటి?"

"ఏం లేదే... పిల్లది సిరా ఒలకబోసింది" అంది అమ్మ. గబుక్కున కొంగు పైకి లాక్కుంది.

ఆ సాయంత్రం అమ్మ దొడ్లో స్నానాల గది తలుపేసుకుని సున్నిపిండితో రుద్దుకుంది. అసలే కమిలిపోయి ఉన్న చర్మం... నేను బయట నిలబడి ఉన్నాను. చెంబుడు చెంబుడు నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది, మధ్యలో పళ్ళు బిగబట్టి మూలుగుతోంది. మర్నాడు పట్టుచీర కట్టుకుని నా పక్కన ఫొటో దిగింది. ఎవరికీ ఏమీ కనబడలేదు.

ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్తే డాక్టరు గారు నాన్నని కూడా పిలిపించారు. "మాస్టారూ, మీరన్నా చెప్పొద్దా? చర్మం పగిలింది, ముందు అది మానాలి. కొలతలన్నీ మళ్ళీ తీయాలి" అని చీవాట్లు పెట్టారు. రెండు వారాల పైనే వైద్యం ఆగిపోయింది.

దసరా నాటికి ఎలాగో పూర్తయింది. తగ్గిపోయిందన్నారు. పెద్దమ్మకి కూడా తగ్గిపోయిందని వీధిలో చెప్పేశాం. అమ్మ మళ్ళీ పేరంటాలకు వెళ్ళింది, ఆవకాయ పెట్టింది, నాన్నతో దెబ్బలాడింది. ఇంక భయం లేదనుకున్నాం...

నేను ఇంటర్లో చేరిన ఏడాది నడుం నొప్పి అంది. ఎముకల్లోకి పాకిందన్నారు. "అప్పుడు మధ్యలో ఆపడం వల్లేనాండి?" అని నాన్న అడిగాడు. చెప్పలేం అన్నారు డాక్టరు గారు. ఆ ఒక్క మాట నాన్నని చివరిదాకా పీక్కుతింది. అమ్మ ఆ చలికాలం దాటలేదు.

పెద్దకర్మ నాడు సుశీల పిన్ని నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది.

"నాకూ అదేనే బుజ్జీ... మీ అమ్మకంటే ఏడాది ముందు. అదే ఆసుపత్రి. ఊళ్ళో మాత్రం గర్భసంచి ఆపరేషనని చెప్పుకున్నాం. ఆ గీత చూడగానే నాకు తెలిసిపోయింది. మీ అమ్మ నోరు తెరిస్తే నేనూ చెప్పుకోవచ్చని ఆశపడి అడిగా. మర్నాడు చూస్తే గీత లేదు... అప్పుడన్నా చెప్పాల్సింది. మా ఆయన ఊరుకోమన్నాడు."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డు... అటు ఒకావిడ, ఇటు ఒకావిడ, ఎవరి తలుపు వాళ్ళు వేసుకుని చావుకి భయపడ్డారు. లంక సంగతేమో గానీ మా కొంపకి గుట్టే చేటయింది.

నాకు సంబంధాలు వచ్చాయి. పెళ్ళి కూడా అయింది. అప్పగింతలప్పుడు నా చెయ్యి పట్టుకోవడానికి అమ్మ లేదు.

ఇప్పుడు మా వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరికైనా బయాప్సీ అంటే చాలు, నేను తోడొస్తా, నేనొస్తా అని పదిమంది పెడుతున్నారు. సంతోషించాల్సిన సంగతే... నేను మాత్రం అది చదివిన ప్రతిసారీ ఫోను బోర్లా పెట్టేస్తాను. మా అమ్మకి పదిమంది అక్కర్లేదు. ఒక్క మనిషి చాలు... ఆ మనిషి ఎదురింట్లోనే ఉంది.

మీ ఇళ్ళలోనూ ఇలా ఎవరికీ చెప్పుకోకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఉంటే కింద రాయండి. జబ్బు పేరు దాచకుండా రాయండి...