నా పేరుకు పడిన ఓట్లు

ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలం అనుకునేరు, ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. కానీ మనిషి అమాయకత్వాన్ని బట్టి కాలాన్ని కొలిచేట్టయితే అది నాకు ఎప్పటిదో యుగం. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. మా ఊరి సర్కారు బడిలో విద్యా వలంటీరుగా లెక్కలు చెప్పేవాణ్ణి. విద్యా వలంటీరంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను: సారు చేసే పనంతా చేసి, జీతాల రోజున మాత్రం సారు కానివాడు. అయినా పిల్లలు సార్ అనేవాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు సార్ అనేవాళ్ళు, బస్టాండు దగ్గర చాయ్ పోసే అతను కూడా సార్ అనేవాడు. కుర్రాడు చెడిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ ఊపులో నేను ఏకంగా శాసనసభకు పోటీ చేశాను. (నియోజకవర్గం ఏదని అడగకండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కున ఎక్కడో ఒకచోట అనుకోండి. నా పేరు కూడా అడగకండి. తంటా అంతా ఆ పేరుతోనే వచ్చింది.)

అప్పటి మా ఎమ్మెల్యేదీ నాదీ ఒకటే పేరు. ఇంటిపేరు కూడా అక్షరం పొల్లుపోకుండా అదే. చుట్టరికం ఏమీ లేదు, ఆయన గుమ్మంలో మంచినీళ్ళు తాగిన పాపాన కూడా నేను పోలేదు. ఊళ్ళల్లో ఆయన్ని పేరుపెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు, అందరికీ ఆయన పెద్దసారు. ఆ పేరు గోడల మీదా, శంకుస్థాపన రాళ్ళ మీదా ఉండేది. మా బడి మూత్రశాల గోడకు బిగించిన రాయి మీద కూడా ఉండేది. పిల్లలు దాన్ని చూపించి "గిక్కడ మీ పేరు రాసిండ్రు సార్" అని నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. అప్పటికింకా నవ్వగలిగేవాణ్ణి.

దసరా దాటిందంటే నా తరగతి సగం ఖాళీ అయ్యేది. తల్లిదండ్రులు మేస్త్రీల వెంట పుణె, బొంబాయి పనులకు పోతూ పిల్లల్నీ వెంటేసుకుపోయేవాళ్ళు. ఎండాకాలానికి తిరిగొచ్చేసరికి ఆ పిల్లలు హిందీ నేర్చుకుని, ఎక్కాలు మరిచిపోయి వచ్చేవాళ్ళు. ఆ నాలుగైదు నెలలు ఊళ్ళోనే వాళ్ళకొక హాస్టల్ నడిపితే చాలని నా మొర. ఆఫీసుల్లో చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు. పెద్దసారు ఊరికి వచ్చినప్పుడు జనాన్ని తోసుకుని వెళ్ళి చెప్పాను. ఆయన నా పేరడిగారు. చెప్పాను. అంతే, పకపకా నవ్వి, పక్కనున్నవాళ్ళందరికీ నా పేరు చెప్పి నవ్వించి, హాస్టల్ మాట అక్కడే వదిలేసి కారెక్కారు. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట వాసన ఎలా తెలిసిందో ఏమో, వారం తిరక్కుండానే కాంట్రాక్టర్ మామ మా ఇంటికొచ్చాడు.

కాంట్రాక్టర్ మామ అమ్మకు దూరపు చుట్టం. మేము అతనికి చుట్టాలమన్న సంగతి ఎన్నికలప్పుడే గుర్తుకొచ్చేది. పెద్దసారుకు ఎదురు పార్టీలో అతను పెద్ద తలకాయ.

"అల్లుడా, నీ అసొంటోడు అసెంబ్లీల ఉండాలె. ఎన్ని దినాలు జేస్తవ్ గీ వలంటీర్ నౌకరి? ఇండిపెండెంటుగ నిలవడు. డిపాజిట్ నేను గడ్త" అన్నాడు.

"నాకెవరేస్తరు మామా?"

"గదేం మాట? నీ దగ్గర సదువుకున్న పోరగాళ్ళే ఎంతమంది లేరు!"

(నా దగ్గర చదువుకున్నవాళ్ళలో ఓటుహక్కు వచ్చినవాడు అప్పటికి ఒక్కడూ లేడు. లెక్కల సారునై ఉండీ నాకా సంగతి తట్టలేదు.) నా భయం వేరే. "పేరు తోటి పరేషాన్ అయితది మామా. నా ఓట్లు పొరపాటున పెద్దసారుకు పోతయేమో" అన్నాను. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది, నేను నిజంగానే ఆ మాట అన్నాను. మామ ముఖంలో ఒక్క నరం కూడా కదల్లేదు. కాసేపు గడ్డం నిమురుకుని, "అది గూడ నిజమే అల్లుడా. నేను సోంచాయించలే. జర జాగ్రత్తగ ప్రచారం జేయాలె" అన్నాడు. అంతటి నటుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

హెడ్మాస్టరు గారు నా రాజీనామా తీసుకుంటూ కళ్ళద్దాల పైనుంచి చూశారు. "మళ్ల తీసుకుంటరో లేదో నాకు తెల్వదు. ఇంకోపారి ఆలోచన జెయ్" అన్నారు. అమ్మ అప్పుడు రోజూ పత్తి ఏరడానికి కూలికి పోయేది. సాయంత్రం వచ్చి, చేతుల మీద గీతలకు కొబ్బరినూనె రాసుకుంటూ, "గెలుస్తవా కొడుకా?" అని అడిగింది. గెలుస్తానన్నాను.

గుర్తుల దగ్గర నేను నల్లబల్ల అడిగితే అది ఇంకెవరికో పోయి, నాకు బీరువా వచ్చింది. మామ ఒక ఆటో, దానిపైన మైకు పెట్టించాడు. మైకులో నా హాస్టల్ ఊసు లేదు, నా చదువు ఊసు లేదు. ఒకటే పేరు, మళ్ళీ మళ్ళీ అదే పేరు. ఫ్లెక్సీలు వచ్చాయి. పేరు మూర లావున, నా ఫోటో తపాలా బిళ్ళంత. రంగులు చూస్తే పెద్దసారు పార్టీ రంగులకు అక్కాచెల్లెళ్ళ వరస. "ఫోటో జర పెద్దగ ఉంటే బాగుంటుండె మామా" అన్నాను. "ఫోటోల ఏముంది అల్లుడా, పేరు ముఖ్యం" అన్నాడు. అతను నాతో చెప్పిన ఒకే ఒక్క నిజం అది. ఆటో కూడా నన్నెరిగిన ఊళ్ళకు రానేలేదు. "మీ ఊళ్ళె నువ్వు అందరికి ఎర్కనే ఉంటివి, ఆడికి పోవుడెందుకు, డీజిలు దండుగ" అని, నా మొహం ఎవరికీ తెలియని ఊళ్ళన్నీ తిప్పాడు. ఒక ఊళ్ళో పల్లి విత్తనం వేస్తున్న ముసలాయన ఆటో ఆపి, "బీరువ గుర్తంటున్నవ్, మీ ఇంట్ల బీరువ ఉన్నదా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి మాకేడికెల్లి ఇస్తవ్?" అన్నాడు. నేను హాస్టల్ గురించి చెప్పబోతుంటే డ్రైవరు ఆటో ముందుకు పోనిచ్చాడు.

పోలింగు రోజు పొద్దున్నే రోడ్డు మీద రెండు పెద్ద బస్సులు ఆగాయి. పుణె నుంచి మా ఊరివాళ్ళు దిగారు. పెద్ద పార్టీలు బస్సులు పెట్టి, భోజనాలు పెట్టి ఓటుకు తోలుకొచ్చాయి. ఎవరి పిల్లల కోసం నేను ఉద్యోగం వదులుకున్నానో వాళ్ళే అందరూ. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎదురువెళ్ళి నిలబడ్డాను. నా తరగతిలో అందరికన్నా చురుకైన పిల్ల తండ్రి నన్ను చూసి, చేతిలో సంచీ కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"నమస్తె సార్! మంచిగున్నరా? మీరు గూడ ఓటెయ్యనీకి ఒచ్చిండ్రా?"

నేను నిలబడ్డ సంగతే అతనికి తెలియదు. "అవును" అన్నాను. ఇంకేమనాలి? బూత్ లోపలికి పోయి మిషను ముందు నిలబడితే నా పేరు రెండుచోట్ల కనిపించింది. పెద్ద పార్టీల వరసలో పైన ఒకటి, ఇండిపెండెంట్ల గుంపులో అట్టడుగున ఒకటి. ఏది నాదో నాకే ఒక క్షణం తేల్చుకోవాల్సి వచ్చింది.

లెక్కింపు రోజు మధ్యాహ్నానికి తేలిపోయింది. పెద్దసారు ఓడిపోయారు. ఆయన ఎన్ని ఓట్లతో ఓడారో అంతకన్నా ఎక్కువ ఓట్లు నాకొచ్చాయి. ఊళ్ళవారీగా చూస్తే మా ఊళ్ళో నాకు పడినవి గుప్పెడు, నా మొహం తెలియని ఊళ్ళల్లో వందలు. లెక్కల సారుకు ఇక ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. బయటికి వస్తుంటే పెద్దసారు మనిషి ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు. "ఎంతకు అమ్ముడువోయినవ్‌రా?" అన్నాడు. ఎవరూ కొనకుండానే అమ్ముడుపోయినవాణ్ణి ఈ దేశంలో నేనొక్కణ్ణేనని అతనికెలా చెప్పను? అవతల జీపు మీద రంగులు చల్లుకుంటున్న కాంట్రాక్టర్ మామ నన్ను చూసి చెయ్యి ఊపాడు. "అల్లుడా! నీ పేరు మస్తు పనిజేసింది!" అని అరిచాడు. నువ్వు అనలేదు, నీ పేరు అన్నాడు. వాణ్ణి చంపాలనిపించింది. తర్వాత నన్ను నేనే చంపుకోవాలనిపించింది. రెండూ చేతకాక బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

బడిలో నా చోటుకు వేరొకరు వచ్చేశారు. కొత్తకోట హైవే మీద ఒక ధాబాలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను, లెక్కలు వచ్చు కదా. కొన్నాళ్ళకు సిగ్గు విడిచి కొత్త ఎమ్మెల్యే దగ్గరికి కూడా పోయాను, హాస్టల్ కోసమే. ఆయన నా పేరడిగారు. చెప్పాను. ఆయన కూడా పకపకా నవ్వి, పక్కవాళ్ళకు చెప్పి నవ్వించారు. హాస్టల్ ఇప్పటికీ లేదు. నా తరగతిలోని ఆ చురుకైన పిల్ల పుణెలో ఇటుకలు మోస్తోందని ఆ మధ్య విన్నాను. నేను ఇప్పుడొక ప్రైవేటు బడిలో ఎక్కాలు చెప్పుకుంటున్నాను. ఖాళీగా ఉన్నప్పుడు ఒకటే కూడికలూ తీసివేతలూ. వచ్చిన ఓట్లలోంచి పేరు చూసి పొరబడ్డవాళ్ళను తీసేస్తే, అసలు నాకు పడినవెన్ని? ఎంత ఉదారంగా లెక్కేసినా ఖాయంగా నావని చెప్పగలిగినవి రెండే. ఒకటి నాది, ఒకటి అమ్మది. ఆ రెండింటినీ పట్టుకునే ఇన్నేళ్ళూ గడిపాను.

మొన్న పంచాయతీ ఎన్నికల్లో ఓటేసి వచ్చి, అమ్మ గడప దగ్గర కూర్చుని పల్లికాయ ఒలుస్తూ విసుక్కుంది. "గిదేం ఓటు కొడుకా, కాయితం మీద పేర్లే లెవ్వు, ఉత్త బొమ్మలే. నీ ఎలక్షనే మంచిగుండె. పేరు సదువుకొని ఒత్తితి."

అమ్మ బడి ముఖం చూడలేదు. "నువ్వు సదివినవా?" అన్నాను.

"నీ పేరొక్కటి ఒస్తది నాకు. నీ పుస్తకాల అట్టల మీద జూసి జూసి నేర్సుకుంటి. ఆడ లోపల జూస్తె, పైకెల్లి రెండోదే నీ పేరు. టక్కున ఒత్తితి. కుయ్యిమన్నది."

పైనుంచి రెండోది. "పేరు పక్కన ఫోటో జూడలేదా అమ్మా?"

"జూస్తి. ముఖం జర లావుగుండె. ఆధార్ కార్డుల నేను మాత్రం నా లెక్క ఉన్ననా? గట్లనే అనుకుంటి."

"మరి బీరువా బొమ్మ?"

"సదువు రానోళ్ళకు బొమ్మలు. నాకెందుకు?"

ఆ గొంతులో గర్వం విని నా గుండె చెరువైంది. ఇరవై ఆరేళ్ళ వాడైతే నెత్తి కొట్టుకునేవాడు. ఈ ముప్పై దాటినవాడికి, కళ్ళు తడుస్తున్నా, నవ్వే వచ్చింది. ఆ నియోజకవర్గం మొత్తంలో నా పేరును నా కోసమే చదివి మీట నొక్కిన మనిషి ఈమె ఒక్కతే. ఆ ఒక్క ఓటూ పెద్దసారుకు పోయింది.

"మంచిగ ఒత్తినవమ్మా" అన్నాను.

"అందరు నా లెక్క పేరు సదివి ఒత్తుంటే నువ్వే గెలుస్తుంటివి కొడుకా" అంది అమ్మ.