డెక్కలు లేని రాతిరొయ్య

మొన్న మా మనవరాలు తన పుట్టినరోజని నన్ను విశాఖపట్నంలో బీచిరోడ్డు మీది ఒక హోటలుకు తీసుకువెళ్ళింది. వాళ్ళిచ్చిన మెనూలో ఎర్రటి లాబ్‌స్టర్ బొమ్మ, దానికి పీతకున్నట్టు ఇంతలేసి డెక్కలు. తీరా పళ్ళెంలో వచ్చినదానికి బారెడు మీసాలే తప్ప డెక్కలు లేవు. వంటవాళ్ళు విరిచి దాచుకున్నారేమో అడిగి వస్తానని ఆ పిల్ల లేవబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఎందుకంటే ఆ మాట నేను ఒకసారి అని ఉన్నాను, అని డెబ్బై ఏళ్ళు కావస్తోంది.

చోడవరం హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరిన కొత్త. మాది కె.కోటపాడు దారిలో చెరకు పండించే కుటుంబం, సముద్రం సంగతి మాకు గంపలో వచ్చినంత మేరకే తెలుసు. ఆ చేపల గంప మోసుకొచ్చే ఆవిడ పూడిమడక నుంచి సంతరోజున తెల్లవారే వచ్చి, సంతకు పోయే ముందు మా అరుగు మీద దిగేది. మా అమ్మను అప్పా అనేది, నేను ఆవిడను పిన్నీ అనేవాణ్ణి. అమ్మ ఇచ్చిన తరవాణి తాగి, ఎండు నెత్తళ్ళు ఏరి పెడుతూ ఆవిడ చెప్పే కబుర్లు నేను కాలేజీలో విన్న పాఠాలకన్నా బాగుండేవి. రాతిరొయ్య, అంటే ఈ లాబ్‌స్టరే, పగలంతా రాళ్ళ బొరియల్లో ఉంటుందని, పాము కుబుసం విడిచినట్టు ఒంటిమీది పెంకును విడిచి, కొత్త పెంకు గట్టిపడేదాకా ఎవరికీ కనపడకుండా దాక్కుంటుందని, పట్టుకుంటే మీసాల మొదళ్ళు రాపాడించి కిర్రుమని అరుస్తుందని ఆవిడే చెప్పింది. పొట్టకింద గుడ్లున్నది దొరికితే వాళ్ళ మగవాళ్ళు తిరిగి నీళ్ళలో వదిలేసేవారట. ఆ రోజుల్లో దాన్ని అడిగి కొనేవాళ్ళే లేరు. వలలు చింపుతుందని తిట్టుకుంటూ తెచ్చి, నిప్పుల మీద కాల్చుకుని వాళ్ళే తినేవారు.

మా స్కూల్లో సైన్సు గది అంటే నాలుగు ఖాళీ గాజుసీసాలు, ఒక ఇంగ్లీషు పుస్తకం. అందులో లాబ్‌స్టర్ బొమ్మ చూపించి విసిగిపోయి, నిజమైనది ఒకటి తెచ్చిపెట్టమని పిన్నిని బతిమాలాను. ఆవిడ దాన్ని తడిగోనెలో చుట్టి, దారి పొడుగునా ఉప్పునీళ్ళు చిలకరిస్తూ, అనకాపల్లిలో బస్సు మారి, బేరాలన్నీ పక్కనపెట్టి తిన్నగా స్కూలుకే తెచ్చింది. గోనె విప్పితే మీసాలు ఇంకా ఆడుతున్నాయి. పిల్లలంతా హో అని మూగారు. నేను పుస్తకం తెరిచి, బొమ్మనీ దాన్నీ మార్చి మార్చి చూసి, ఆ పిల్లలందరి ముందూ డెక్కలు ఎవరు విరిచి తిన్నారని ఆవిడను అడిగాను.

"ఇరగ్గొట్టడమేటి బాబూ? దీనికి డెక్కలే ఉండవు" అంది.

పుస్తకం అబద్ధమాడుతుందా అన్నాను. పిల్లలు నవ్వారు. ఆవిడ ముఖం చిన్నబోయింది. రొయ్యను అక్కడే వదిలేసి, గోనె దులిపి గంపలో వేసుకుని, "ఆ పుస్తకం రాసినోడు ఏ సముద్రం సూసేడో ఏటో" అని వెళ్ళిపోయింది.

మరుసటి సంతరోజున మా అరుగు వైపు కన్నెత్తైనా చూడకుండా సాగిపోయింది. అమ్మ నాతో మాట్లాడడం మానేసింది, మాట్లాడినప్పుడు కూడా ఒక్క మాటే: "పుస్తకం నీకు నిన్నగాక మొన్నొచ్చింది. ఆ మనిషిని నా పెళ్ళైన కాణ్నించీ ఎరుగుదును."

నాకు బుద్ధి రాలేదు సరికదా, తెలివి ముదిరింది. మా క్రాఫ్టు మాస్టారిని పట్టుకుని అంకుడు కర్రతో రెండు డెక్కలు చెక్కించి, ఎర్రలక్క పూయించి, దారంతో రొయ్యకు కట్టి స్పిరిట్ సీసాలో నిలబెట్టాను. వారం తిరక్కుండా స్పిరిట్‌లో లక్క కరిగి సీసా అంతా ఎర్రబడింది. పాపం దాని నెత్తురనుకున్నారు పిల్లలు.

తనిఖీకి వచ్చిన పెద్దాయన జంతుశాస్త్రం చదువుకున్నవాడు. ఆ సీసా ముందు నిలబడి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. పుస్తకంలోది ఎక్కడో చలిసముద్రాల జాతి అని, మన తీరంలో దొరికేవాటికి ముళ్ళూ మీసాలే ఆయుధాలని, డెక్కలుండవని, పిల్లలెవరూ లేకుండా చూసి మర్యాదగా చెప్పాడు. భూమి రెండుగా చీలినా బాగుండుననిపించింది.

ఆ వారం సంతలో పిన్ని గంప ముందు నిలబడి, తప్పు నాదే అన్నాను. ఆవిడ నెత్తళ్ళ మీద ఈగలు తోలింది. "అయితే ఆ గుంటలకి కూడా సెప్పు బాబూ. ఆళ్ళ అమ్మలే గదా నా కాడ కొంటన్నారు" అంది. చెప్తానన్నాను. పై వారం మళ్ళీ మా అరుగు మీద గంప దించింది, అమ్మ ఆ పూట ఇద్దరికీ తరవాణి పోసింది.

కాని నేను చెప్పలేదు. కొత్త మాస్టర్ని, తరగతిలో పరువు పోతుందని రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే వేసవి సెలవులొచ్చాయి, సెలవుల తరవాత మాడుగులకు బదిలీ అయింది. ఆవిడ మాత్రం చెప్పావా అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. చెప్పే ఉంటానని నమ్మింది కాబోలు.

ఇప్పుడు రాతిరొయ్యలు ప్రాణంతోనే పెట్టెలకెక్కి విమానాల్లో పోతున్నాయట. మా మనవరాలు ఫోనులో ఏ సముద్రంలో ఏ జాతి ఉందో క్షణంలో చూసి చెప్పింది. మా అరుగూ లేదు, తరవాణీ లేదు, అప్పా అని పిలిచే ఆ గొంతూ లేదు. ఆ నాటి తరగతిలో కూర్చున్న పిల్లలు మాత్రం, ఉన్నవాళ్ళు, ఎనభై దాటి ఎక్కడో ఉంటారు. వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే, మాస్టారు ఆలస్యంగా చెబుతున్న ఈ పాఠం వినండి. ఆవిడ ఏ డెక్కలూ విరవలేదు. దానికి డెక్కలే లేవు.